జిగురు చెట్టుకు వంతెన కట్టిన మా వియ్యపురాలు

మా వియ్యపురాలు ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పోయారు. గుండె జబ్బు. ఆసుపత్రిలో ఉన్నది రెండు రోజులు. ఆవిడకి డెబ్బై మూడేళ్ళు, నాకంటే ఏడాదీ నాలుగు నెలలు చిన్న. ఫోన్ చేసి అడిగినవాళ్ళందరికీ ఈ నాలుగు మాటలే చెప్పాను. ఫోన్‌లో చెప్పకుండా ఉంచినది ఒకటుంది. అది మీ అందరికీ రాయడానికి ఇవాళ కూర్చున్నాను.

ఆవిడ నా కోడలి తల్లి. ఒక్కతే కూతురు కావడంతో భర్త పోయాక ఇక్కడికి, ఒహాయోకి, కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను అప్పటికే కొడుకు దగ్గర ఉంటున్నాను. కొలంబస్ ఊరి ఉత్తరపు అంచున మా ఇల్లు. మేడ మీద పక్కపక్క గదులు మా ఇద్దరివి, మధ్యలో ఒకే స్నానాల గది. ఇద్దరు వియ్యపురాళ్ళు ఒక కప్పు కింద ఇమడరని రెండు వైపుల చుట్టాలూ అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. ఆరేళ్ళ రెండు నెలలు ఉన్నాం.

నేను గుంటూరులో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినదాన్ని. ఆవిడ తొమ్మిదో తరగతితో ఆపేశారు. పుట్టింది కడియంలో, నర్సరీ వాళ్ళింట్లో. పదో ఏట నుంచి మామిడికీ సపోటాకీ అంటు కట్టిన చేతులు. ఎడమ బొటనవేలు మీద కత్తి గాట్లు సన్నగా, వరసగా, స్కేలు మీద గీతల్లా ఉండేవి. ఒకసారి లెక్కపెట్టాను. పదహారు.

ఆడపిల్ల తల్లినన్న పట్టింపు ఆవిడకి చివరిదాకా పోలేదు. నేను కూర్చునేదాకా కూర్చునేవారు కాదు. కాఫీ ముందు నాకు ఇచ్చి తర్వాత తాను తీసుకునేవారు.

"పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఇంకా ఏమిటండీ ఈ మర్యాదలు?" అని ఒకసారి కోప్పడ్డాను.

"ఆయ్, అలవాటండి వదినగారూ," అన్నారు. అని నిలబడే ఉన్నారు.

కూర గురించి, పండగ గురించి, పిల్లల పెంపకం గురించి నేను ఏమన్నా ఆవిడ ఎదురు చెప్పలేదు. చెట్టు దగ్గర మాత్రం నా మాట సాగేది కాదు.

మా ఇంటి వెనక సన్నటి ఏరు ఉంది. దాని రెండు వైపులా కౌంటీ పార్కు వాళ్ళ అడవి. ఆవిడ వచ్చిన మొదటి వసంతంలో ఇద్దరం అక్కడ నడుస్తుంటే దారంతా రూపాయి బిళ్ళల్లాంటి పల్చటి కాయలు రాలి ఉన్నాయి. ఆవిడ వంగి ఒకటి తీసి, ఎండకి ఎదురుగా పట్టుకుని చూశారు.

"వదినగారూ, ఇది మా నెమలినారకి చుట్టమండి."

"నెమలినార ఏమిటి?"

"మా వైపు చెరువుల దగ్గర ఉంటుందండి. వాపులకి దాని చెక్క అరగదీసి రాస్తారు. కాయ అచ్చం ఇదేనండి. కాకపోతే ఇది చలిదేశపు పిల్ల." అంటూ లేత కొమ్మ ఒకటి విరిచి నోట్లో పెట్టుకున్నారు.

"తెలియని చెట్టు నోట్లో పెట్టకండి."

"ఉమ్మేస్తానండి." రెండుసార్లు నమిలి, నోట్లోంచి తీసి సాగదీసి చూపించారు. బెండకాయ జిగురులా దారం సాగింది.

పార్కు రేంజర్‌ని అడిగితే దాన్ని స్లిప్పరీ ఎల్మ్ అంటారని చెప్పింది. మేమిద్దరం జిగురు చెట్టు అన్నాం.

నెల తర్వాత ఒకరోజు నా మందుల డబ్బా సర్దుతూ ఆవిడ ఒక సీసా పైకి తీశారు. కడుపులో మంటకి నేను రోజూ వేసుకునే గొట్టం మాత్రలు, రెండేళ్ళుగా కోడలు షాపు నుంచి తెచ్చిస్తున్నవి. ఆవిడ ఒక మాత్ర విప్పి పొడి నాలుక మీద వేసుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"ఇది మన ఏటి చెట్టేనండి," అన్నారు.

సీసా మీద చిన్న అక్షరాలు చదివాను. నిజమే. లోపలి బెరడు పొడి అని ఉంది. రెండేళ్ళు మింగిన నేను ఒక్కసారి కూడా చదవలేదు.

"అయితే మానేయమంటారా?"

"మానేయడం ఎందుకండి, మందు మందే. కానీ ఎలా తీశారో అడిగి కొనండి. మా నాన్న మద్దిచెక్క తీసేవాడు, కషాయానికి. గాలికి విరిగిన కొమ్మ ఉంటే దాన్నే వలిచేవాడు. నిలబడ్డ మానుని ముట్టుకోనిచ్చేవాడు కాదు."

రేంజర్ చెప్పిన సంగతులు ఆవిడ మాటకి తోడయ్యాయి. ఈ చెట్టు బెరడుకి గిరాకీ ఉందట. తోటల్లో పెంచినది తక్కువ, అడవిలో పెరిగినదే ఎక్కువ. వసంతంలో మానులోకి నీరు ఎక్కినప్పుడు బెరడు సులువుగా ఊడుతుంది. దొంగలు అప్పుడు వచ్చి, చేయి అందినంత మేర మాను చుట్టూ వలిచి పట్టుకుపోతారు. చుట్టూ వలిచిన చెట్టు చస్తుంది. మన ఏటి ఒడ్డున ఇవి ఎన్ని ఉన్నాయని నేను అడిగాను. తెలియదంది. ఎవరూ లెక్కపెట్టలేదంది.

అలా మేమిద్దరం పార్కు వాలంటీర్లమయ్యాం. చెరొక ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. నేతచీర మీద ఆ చొక్కా, కాళ్ళకి స్నీకర్లు, తలకి మంకీ క్యాప్. మీలో చాలామందికి ఆవిడ ఆ వేషంలోనే గుర్తుండి ఉంటారు. ఆ చొక్కా మీద ఆవిడకి చాలా ఇష్టం. వాషింగ్ మెషీన్‌లో వేయనిచ్చేవారు కాదు, చేత్తో ఉతికి ఆరేసుకునేవారు.

చెట్టుని పోల్చడం ఆవిడ పని, రాయడం నా పని. ఏటి ఒడ్డున ఇంకో రకం ఎల్మ్ కూడా ఉంది, చూపుకి కవలలే. ఆవిడ ఆకు తెంపి చెంపకి రాసుకునేవారు. జిగురు చెట్టు ఆకు గరుకు ఎక్కువ.

"మూడు రోజులు గీయని గడ్డం లాగుంటే మనదండి," అనేవారు. "మా ఆయన పోయాక నాకు ఈ చెట్టే గతి." అని తానే నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. ఇప్పుడు రాస్తుంటే కొంచెం నవ్వొస్తోంది.

రిజిస్టర్‌లో నంబరు, చుట్టుకొలత, చోటు, విశేషాలు అని నాలుగు గళ్ళు గీశాను. మొదటి ఏడు ముప్ఫై తొమ్మిది వచ్చాయి. రెండో ఏడు నలభై రెండు. మళ్ళీ తిరిగితే నలభై ఒకటి. చెట్లు నడవవు, కాబట్టి తప్పు లెక్కలో ఉంది. ప్రతి చెట్టుకీ ఒక గుర్తు పెడితే తప్ప లెక్క నిలవదని తేల్చి ఆవిడకి చెప్పాను. పార్కు వాళ్ళు మేకులు కొట్టనివ్వరు, రంగు వేయనివ్వరు. పసుపు రాసి బొట్టు పెడదామన్నాను. మన దగ్గర బొట్టు పెట్టిన చెట్టు జోలికి ఎవడైనా వస్తాడా?

ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దండి వదినగారూ. బొట్టు పెడితే దణ్ణం పెట్టేవాడికీ తెలుస్తుంది, కత్తి పట్టుకొచ్చేవాడికీ తెలుస్తుంది. వాళ్ళకి ఈ రెండు ఎల్మ్‌లకీ తేడా సరిగ్గా తెలీదు. మనమెందుకు చెప్పడం?"

"బొట్టు అంటే వాళ్ళకేం తెలుస్తుందండీ?"

"పసుపుపచ్చ రంగైతే కనపడుతుంది కదండి."

ఆ మాటలో తర్కం ఉంది. నేను ఒప్పుకోకుండా అప్పటికి ఊరుకున్నాను. లెక్క నిలవకపోవడం మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది.

పోయిన ఏడాది మార్చిలో ఆవిడ కంటి ఆపరేషన్‌కి కడియం వెళ్ళారు. నెలరోజులు లేరు. ఆ నెలలో ఉగాది వచ్చింది. మా వీధుల్లో ఉండే ఆడవాళ్ళు తొమ్మిది మందిని పోగుచేశాను. పండగ పూట మంచి పని చేద్దామన్నాను, సంతోషంగా వచ్చారు. పచ్చడి తిని, రిజిస్టర్ పట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళాం. నలభై ఒక్క చెట్లకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. వానకి పోకూడదని పసుపు నూనెలో కలిపింది నేనే. అందరికీ కనపడాలని గుండె ఎత్తున, అరచేయంత మేర రాయమన్నదీ నేనే. చెట్లకి ఇంకా ఆకు లేదు కాబట్టి, చోటు అన్న గడిలో రాసుకున్నదాన్ని బట్టి పోయాను. ఆ రోజు లెక్క నలభై ఒకటికి నలభై ఒకటి సరిపోయింది. ఇంటికొచ్చి భోజనం చేసి హాయిగా పడుకున్నాను.

ఆవిడ ఏప్రిల్‌లో ఒక శనివారం తిరిగొచ్చారు. బొట్ల సంగతి నేను చెప్పలేదు. సోమవారం నడకలో చూపించి, చూశారా ఏమీ కాలేదు అందామని ఆగాను.

సోమవారం ఉదయం ఏటి మీది కాలివంతెన దాటగానే మొదటి చెట్టు కనపడింది. మాను నేల నుంచి చేయెత్తు దాకా తెల్లగా, తడిగా, బట్టలూడదీసినట్టుంది. దాని వెనక ఇంకో రెండు అలాగే. నాలుగోది, రిజిస్టర్‌లో పద్దెనిమిదో నంబరు. దానికి నడుం ఎత్తున చుట్టూ పది అంగుళాల వెడల్పున వలిచి వదిలేశారు. ఎవరో రావడం చూసి పారిపోయి ఉంటారని తర్వాత రేంజర్ అంది.

ఆవిడ చెట్టు చెట్టుకీ నడిచారు. పసుపు చూస్తూనే ఉన్నారు. ఇరవై ఏడో నంబరు దగ్గర ఆగారు. అక్కడ రెండు చెట్లు పక్కపక్కన ఉన్నాయి. పసుపు ఉన్నదానికి కత్తితో జానెడు గాటు పెట్టి, తోలు కొంచెం లాగి చూసి వదిలేశారు. పక్కదానికి పసుపు లేదు, గాటూ లేదు. ఆవిడ పసుపు ఉన్న మాను మీద చెయ్యి వేసి, పైకి చూశారు.

"ఇది మనది కాదండి. మనది పక్కది," అన్నారు.

నేను ఆకు లేని రోజున తప్పు చెట్టుకి బొట్టు పెట్టాను. దొంగలు ఆ తప్పు చెట్టునే కోసి చూశారు. అడుగు దూరంలో ఉన్న అసలు చెట్టుని ముట్టుకోలేదు. వాళ్ళు చెట్టుని చూసి రాలేదు, నా పసుపుని చూసి వచ్చారు. లెక్కలు చెప్పినదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పార్కు ఆఫీసుకి ఫోన్ చేస్తే గంటలో రేంజర్ వచ్చింది. కోడలు ఇంటి నుంచే పని చేస్తుంది, మీటింగ్ మధ్యలో లేచి వచ్చింది. రేంజర్ అన్నీ ఫోటోలు తీసుకుంది. పసుపు మరకలు చూపించి, ఇవి ఎవరు పెట్టారని ఇంగ్లీషులో అడిగింది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. నోరు తెరవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో మా వియ్యపురాలు చెయ్యెత్తారు, క్లాసులో పిల్లలా.

"మీ," అన్నారు. "ఐ పుట్."

ఎందుకు పెట్టావంది రేంజర్.

"గాడ్," అన్నారు ఆవిడ.

వాలంటీర్లు చెట్లకి ఏ గుర్తూ పెట్టకూడదన్నది మొదటి రూలు. రేంజర్ అది గుర్తు చేసి, కాగితం మీద ఆవిడ పేరు రాసుకుని, ఇబ్బందిపడుతూ చొక్కా అడిగింది. ఆవిడ విప్పి, చేతులు లోపలికి మడిచి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా చొక్కా నా ఒంటి మీదే ఉంది.

రేంజర్ కారు దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు కోడలు తల్లిని పట్టుకుంది. "అమ్మా, నువ్వు ఇండియాలో ఉన్నావు కదే అప్పుడు. ఎందుకలా చెప్పావ్?"

"ఊరుకోవే. రిజిస్టర్ రాసేది మీ అత్తగారు. ఆవిడ చొక్కా పోతే లెక్క ఎవరు రాస్తారు, నువ్వా? నీకు పాలప్యాకెట్ల లెక్కే రాదు."

"ఇట్స్ నాట్ ఫెయిర్ అమ్మా."

"నాకు చెట్టుని చూడ్డానికి చొక్కా ఎందుకే. కళ్ళు కూడా బాగుచేయించుకొచ్చాను."

నేను విననట్టు పక్కకి చూశాను. అప్పుడే నేనని చెప్పవచ్చు. రేంజర్ ఇరవై అడుగుల దూరంలో ఉంది. చెప్పలేదు. రిజిస్టర్‌లో ఆ రోజు వివరాలన్నీ రాశాను. బొట్లు పెట్టినవారు అన్న చోట ఖాళీ వదిలాను. నా రిజిస్టర్‌లో ఖాళీ ఉన్న గడి అదొక్కటే.

ఆవిడకి అవేమీ పట్టలేదు. ఆవిడ చూపంతా పద్దెనిమిదో నంబరు మీద ఉంది. నిండా వలిచిన మూడూ పోయినట్టే అన్నారు. దీనికి మాత్రం పది అంగుళాలే తెగింది, వంతెన కట్టొచ్చు అన్నారు. ఈ పని నేను అంతకుముందు వినలేదు. ఆవిడ చెప్పినట్టే రాస్తాను.

"ఆకు అన్నం వండుతుందండి. ఆ అన్నం వేరుకి దిగే దారి తోలులో ఉంది. ఆ దారి తెగింది. ఇక వేరు ఆకలితో ఉంటుంది. దాచుకున్నది ఏడాది తింటుంది, తర్వాత పడిపోతుంది. తెగినచోట కింది తోలుకీ పై తోలుకీ మధ్య అదే జాతి పుల్లలు అంటుకడితే దారి మళ్ళీ కలుస్తుంది. కడియంలో ఎలకలు కొరికిన సపోటాకి కట్టానండి."

కోడలు ఇంగ్లీషులో చెప్పింది. చుట్టూ వలిచిన చెట్టు చచ్చిన చెట్టే అంది రేంజర్.

"చచ్చిపోయిందని ఆ చెట్టుకి ఇంకా తెలీదమ్మా. తెలిసేలోపు కట్టేయాలి అని చెప్పు," అన్నారు ఆవిడ.

రేంజర్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది. చివరికి, కట్టుకోండి, కానీ చొక్కా ఉన్న మనిషి పక్కన ఉండాలంది. అంటే నేను.

పుల్లలు నిద్రలో ఉండాలి, మొగ్గ విచ్చకూడదు. ఏప్రిల్‌లో అలాంటివి చెట్టు మీద దొరకవు. ఇంట్లో ఉన్నాయి. జనవరిలో మంచువానకి ఒక జిగురు చెట్టు కొమ్మ విరిగితే ఆవిడ దాని పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో కరివేపాకు కింద పెట్టారు. దేనికండీ అంటే, చేతికి పని ఉంటుందండి అన్నారు. ఫ్రిజ్ కూరలకా కట్టెలకా అని నేను రెండు రోజులు సాధించాను. మూడో రోజు విసిగి వదిలేశాను కాబట్టి అవి మిగిలాయి. తొమ్మిది పుల్లలు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. కడియం నుంచి తెచ్చుకున్న కత్తి, సన్న మేకులు, కోడలు షాపుకి పరుగెత్తి తెచ్చిన తేనెమైనం. ఆవిడ పుల్ల రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, కింది కొస కింది తోలు లోపలికి, పై కొస పై తోలు లోపలికి దూర్చి, మధ్యలో విల్లులా కొంచెం వంపు ఉంచి మేకు కొట్టారు. గాలికి చెట్టు ఊగితే వంపు లేని పుల్ల తెగుతుందట. నా పని పుల్లలు అందించడం. మూడో పుల్ల అందిస్తే ఆవిడ తిప్పి నా చేతిలోనే పెట్టారు.

"తలకిందులండి. మొగ్గ కన్ను పైకి చూడాలి."

"రెండు వైపులా ఒకేలా ఉంది కదండీ."

"మనకి ఉంటుందండి. దానికి తెలుసు."

ఆ తర్వాత నుంచి ప్రతి పుల్ల పై కొసకీ నా జేబులో ఉన్న ఎర్రదారం కట్టి అందించాను. ఆవిడ చూసి, "లెక్చరర్ గారు పనికొచ్చారు," అన్నారు. ఆరేళ్ళలో ఆవిడ నన్ను వేళాకోళం చేసింది ఆ ఒక్కసారే. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆయాసంతో కూర్చున్నారు. నేను కూర్చోకముందే కూర్చున్నారు. అది నేను గమనించాను.

మర్నాడూ ఆ మర్నాడూ మిగిలిన పని చేశాం. పసుపు నూనెలో కలిపింది కదా, నీళ్ళకి పోదు, సబ్బుకి పోదు. ఆవిడ ఏటి ఒండ్రు బకెట్లో తెచ్చి దాని మీద మెత్తమన్నారు. ముప్ఫై ఏడు చెట్లకి ఇద్దరం ఒండ్రు పూశాం. నా చేతులతో పెట్టిన బొట్ల మీద నా చేతులతోనే బురద పూశాను. ఆవిడ పక్క చెట్టు దగ్గర, ఏదో గోడ అలుకుతున్నట్టు, పని చేసుకుపోయారు. మీరెందుకు పెట్టారు అని ఆ రెండు రోజుల్లో గానీ ఆ తర్వాత గానీ అడగలేదు. అడిగి ఉంటే నాకు సులువయ్యేది.

తొమ్మిది పుల్లల్లో అయిదు అంటుకున్నాయి, నాలుగు ఎండాయి. వేసవిలో చెట్టు నిండా ఆకు వచ్చింది. నేను రిజిస్టర్‌లో బతికినది అని రాయబోతే ఆవిడ ఆపారు.

"ఈ ఏడు ఆకు అది దాచుకున్న తిండి మీద వచ్చిందండి. వచ్చే ఏడు ఆకు వస్తే అప్పుడు రాయండి."

వచ్చే ఏడు ఆవిడ చూడలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు ఆవిడ కొంచెం తేరుకున్నారు. కోడలు కిందికి కాఫీకి వెళ్ళినప్పుడు నేను మంచం పక్కన కూర్చుని చెప్పాను. "వదినగారూ, ఆ బొట్లు నేనే పెట్టానని రేంజర్‌కి చెప్పేస్తాను."

ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆకు వచ్చేదాకా ఆగండి," అన్నారు. "ఇప్పుడు చెబితే మీ చొక్కా కూడా లాక్కుంటారు. చెట్టుని ఎవరు చూస్తారు?"

అదే ఆఖరి మాట అని నేను చెప్పను. తర్వాత కూతురితో చాలా మాట్లాడారు. నాతో మాత్రం అదే.

ఆవిడ మాట నేను మొదటిసారి వినకపోతే నాలుగు చెట్లు తెగాయి. రెండోసారి కూడా వినలేదు. మార్చి మొదటి వారంలో పార్కు ఆఫీసుకి వెళ్ళి, ఉగాది రోజు ఏం జరిగిందో, ఎవరు వద్దన్నారో, ఎవరు పెట్టారో చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పోయిన మనిషి పేరు మీద నా తప్పు ఒక ప్రభుత్వ కాగితంలో ఉండటం నాకు పడలేదు. రేంజర్ అది మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆవిడ పేరు కొట్టేసి నాది రాసింది. నా చొక్కా తీసుకుంది. నేనిక ఒంటరిగా దారి దిగి చెట్ల దగ్గరికి వెళ్ళకూడదు. నెలకొకసారి తానే తీసుకువెళతానంది. ఇంటికొచ్చి రిజిస్టర్ తీసి ఖాళీ గడి నింపాను. మీలో ఆ రోజు నాతో వచ్చిన తొమ్మిది మందికీ ఇందులో బాధ్యత లేదు. మీకు నేను సగమే చెప్పి తీసుకువెళ్ళాను.

ఏప్రిల్ ఆఖరున రేంజర్, కోడలు, నేను పద్దెనిమిదో నంబరు దగ్గరికి వెళ్ళాం. మిగతా చెట్లన్నీ ఆకు తొడిగాయి. ఇది వెనకబడింది. ఏటి వైపు కొమ్మల్లో లేత ఆకు వచ్చింది, గట్టు వైపు కొమ్మలు ఇంకా మోడుగానే ఉన్నాయి. ఎండిన నాలుగు పుల్లలూ ఆ వైపువే. అంటిన అయిదూ చిటికెనవేలి లావు నుంచి బొటనవేలి లావుకి వచ్చాయి. ఇంకా మూడు నాలుగేళ్ళు చూస్తే గానీ చెప్పలేమంది రేంజర్. నేనూ అదే రాశాను. సగం ఆకు, తేదీ, అంతే.

అప్పుడు కోడలు వంగి చూపించింది. అయిదింట్లో ఒక పుల్లకి నడిమధ్యన మొగ్గ విచ్చి, వేలెడు చిగురు వేసింది. మూడు ఆకులు. వంతెనగా కట్టిన పుల్ల తాను కొమ్మనని అనుకోకూడదు. అనుకుంటే తిండి కిందికి పంపకుండా తానే తింటుంది. పోయిన వేసవంతా ఇలాంటివి వచ్చినప్పుడల్లా మా వియ్యపురాలు గోటితో తీసేసేవారు.

"గిల్లెయ్," అన్నాను.

కోడలు చెయ్యి చాచి, ఆగింది. "అమ్మ పెట్టింది కదా అత్తయ్యా. ఈ ఒక్కటీ ఉంచేద్దాం, ప్లీజ్."

"మీ అమ్మ దాన్ని కొమ్మ కోసం పెట్టలేదు."

రేంజర్‌కి మాటలు అర్థం కాకపోయినా ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. కోడలు కాసేపు చిగురుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఉంది. తర్వాత గిల్లింది. గిల్లిన చోట ఒక నీటి చుక్క ఊరింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. అది పెద్దదై, పుల్ల వంపు వెంట కిందికి జారి, తోలులో కలిసిన చోట ఆగింది. గిల్లిన చోట ఇంకో చుక్క ఊరుతోంది.